ముల్జిం తెరమీద, జడ్జి బెంచీమీద

ఇప్పుడు జైల్లో ఉన్న మనిషికి రిమాండు పొడిగించాలంటే కోర్టుదాక తేవాల్సిన పని లేదు. ఆడ జైల్లో ఒక గదిలో కెమెరా ముందర కూసోబెడుతరు. ఈడ కోర్టుహాల్లో గోడకు తెర. జడ్జి సాబ్ పేరు పిలుస్తడు, తెరమీద ఒక తలకాయ ఊగుతది, మల్ల పద్నాలుగు రోజులు. నెట్టు సక్కగ లేకుంటే ఆ తలకాయ సగం ఊగి ఆడనే ఆగిపోతది. మా మనుమడు, వాడూ నల్లకోటే, "ఎస్కార్టు ఖర్చు మిగిలింది తాతా, దారిలో పారిపోతడన్న రంది లేదు, టైము కలిసొచ్చింది" అని లెక్క చెప్తడు. కలిసొచ్చిన టైముతోని ఎన్ని కేసులు తెగినయిరా అంటే మాత్రం ఫోను చూసుకుంటడు.

నేను వకీలును కాదు, వకీలు గుమాస్తాను. జగిత్యాల, కరీంనగర్, ఆసిఫాబాద్, ఆదిలాబాద్, ఏ కోర్టులో నకలు కావాలన్నా, ఏ బెంచి క్లర్కును బతిమాలాలన్నా మా సారు నన్నే తోలేటోడు. చదివింది తక్కువ, చూసింది ఎక్కువ. కాబట్టి చూసిందే చెప్త.

డెబ్బైలలో ఒక మెజిస్ట్రేటు ఉండె. పేరెందుకులే. అరెస్టు చేసినోణ్ని ఇరవై నాలుగు గంటల్లో మెజిస్ట్రేటు ముందర పెట్టాలె గదా, గడువు దగ్గరపడితే పోలీసోళ్లకు రాత్రి లేదు పగలు లేదు, ఇంటికాడికే తెచ్చేటోళ్లు. ఆయన లుంగీ మీద, భుజాన తువ్వాలతోని వరండాలో కుర్చీ వేసుకొని కూసునేటోడు. జవాన్లను గేటు అవతలనే నిలబెట్టి, ముల్జిం ఒక్కణ్నే గేటు కాడి నుంచి వరండా దాక నడిచి రమ్మనేటోడు. ఒక్క మాట అడిగేటోడు కాదు, నడక చూసేటోడు. అరికాళ్ల మీద దెబ్బలు తిన్నోడు పాదం పూర్తిగ ఆనియ్యడు, అంచుల మీద నడుస్తడు. దగ్గరికి వచ్చినంక "అన్నం తిన్నవా" అని ముందు, "కొట్టిండ్రా" అని ఎనుక. ఒకసారి ఎస్సై గేటు అవతల నుంచే "జారిపడ్డడు సార్" అన్నడు. "రెండు అరికాళ్ల మీద ఒక్కసారే జారిపడ్డడా?" అని, ఆ రాత్రే డాక్టరు పరీక్షకు ఆర్డరు రాసిండు ఆ మెజిస్ట్రేటు.

తెరమీద ముల్జిం నడువడు. మెడ నుంచి పైకే కనపడుతడు.

చట్టం తెలిసినోళ్లు నన్ను మధ్యలోనే ఆపుతరు. మొట్టమొదటిసారి మనిషినే తేవాలె, పోలీసు కస్టడీలో ఉన్నన్ని రోజులు ప్రతిసారీ మనిషినే తేవాలె, తెర అన్నది జైలుకు పోయినంక పొడిగింపులకే అని. ఉన్నది, నేను కాదన్ననా? కానీ మొదటి రోజు పోలీసులు పక్కనుంటే ఏ బీదోడు నోరు తెరుస్తడు? వాడు ధైర్యం తెచ్చుకునేది రెండోసారికో మూడోసారికో. అప్పటికి వాడు తెరలో ఉంటడు, పక్కన జైలు సిబ్బంది ఉంటరు.

మా నాయిన నిజాం జమానాలో మున్షీ. ఉర్దూలో అర్జీలు రాసేటోడు. ఆయన ఒక్కదానికి మాత్రం మీసం మెలేసేటోడు. 1921లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఫర్మానా ఇచ్చి కోర్టు కొలువును, సర్కారు కొలువును వేరు చేసిండు. అప్పటికి బ్రిటిష్ ఇండియాలో పోలీసులకు పెద్ద కలెక్టరే, ఆయన కింది డిప్టీ కలెక్టరే మెజిస్ట్రేటు. పట్టుకున్నోడూ, తీర్పు చెప్పెటోడూ ఒక్క ఇంటోళ్లే. దేశమంతటా క్రిమినల్ కేసులు పూర్తిగ కోర్టు మెజిస్ట్రేట్లకు అప్పజెప్పింది 1973 నాటి సీఆర్‌పీసీ చట్టం, అది అమలుకొచ్చింది 1974 ఏప్రిల్ 1న. అంటే యాభై ఏండ్లకు పైన మనం ముందున్నం. మరణశిక్ష వేసినా నిజాం సంతకం లేనిది ఉరితాడు కదిలేది కాదు.

ఇదంతా కాయితం మీది ముచ్చట. ఊర్లో ఏముండె? గడీ ఉండె. దొర పొద్దుగాల లేచి గడీ అరుగు మీద కూసుంటే అదే ఠాణా, అదే కోర్టు, అదే జైలు. పోలీసు పటేలు ఆయన చెప్పుచేతల్లో మనిషి. తప్పు చేసిండని ఒకడు పోయి చెప్తే చాలు, జరిమానా ఖాయం. ఎలగందుల నుంచి జిల్లా కచేరీ కరీంనగర్‌కు మారింది 1905లో. అయితేంది, ఆ జిల్లాలో సగం మంది బతుకులో ఒక్కసారన్నా మున్సిఫ్ మొఖం చూసి ఉండరు. మా నాయిన దగ్గర అర్జీ రాయించుకునేటోళ్లు ఎవరనుకున్నరు? చేతిలో నాలుగు పైసలున్నోళ్లే. మా రోజుల్లో బంగారమని నేను అంటలేను. బంగారం లాంటి ఫర్మానా ఉండె, అది గడీ గుమ్మం దాటలేదు.

పోలీసు చర్య తర్వాత ఇంకో వింత. తెలంగాణ రైతాంగ పోరాటం కేసులకు స్పెషల్ ట్రిబ్యునళ్లు పెట్టిండ్రు. నల్లగొండ దిక్కు వాళ్లకు ఉరిశిక్షలు పడ్డయి. సరైన వకీలు కూడ లేకుండ విచారణ నడిచిందని వాళ్ల మొర. లండన్ నుంచి డి.ఎన్. ప్రిట్ అనే బారిస్టరు వచ్చి సుప్రీంకోర్టులో వాదించిండు. అయితే హైదరాబాద్ హైకోర్టు శిక్ష ఖాయం చేసింది 1950 జనవరి 26 కంటే ముందు. రాజ్యాంగం రాకముందటి తీర్పు మీద మాకు అప్పీలు రాదన్నది సుప్రీంకోర్టు. కొన్ని వారాల తేడా! పానాలు తారీఖు మీద ఆగినయి. చివరికి జనం గోల చేస్తేనే, నలుగురు పెద్దలు కలగజేసుకుంటేనే ఆ ఉరిశిక్షలు యావజ్జీవమైనయి.

మా జిల్లాల ముచ్చటకు వస్తే భూమయ్య, కిష్టాగౌడ్‌ల పేరు ఎత్తక తప్పదు. ఆదిలాబాద్ జిల్లా వాళ్లు. నక్సలైట్ ఉద్యమంలో భూస్వామి హత్య కేసు, ఉరిశిక్ష. వకీలు కన్నబిరాన్ గారు వాళ్ల తరపున కోర్టుల గడపలన్నీ తొక్కిండు. ఒకసారి ఉరి ఆఖరి గడియల్లో ఆగింది కూడ. మా సారు ఆఫీసులో ఆ రోజుల్లో ఇదే చర్చ. చివరికి సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ ముందరికి వచ్చింది. ఉరి వద్దనే మనిషే ఆయన, దేశానికంతా తెలుసు. అయినా రాష్ట్రపతి క్షమాభిక్ష కాదన్నంక మేము దాని మీద కూసుండలేమని, చేతులు కట్టేసినట్టే రాసిండు. ఎమర్జెన్సీ నడుస్తుండగా 1975 డిసెంబర్ 1న ముషీరాబాద్ జైల్లో ఇద్దరినీ ఉరితీసిండ్రు.

నాకు ఇప్పటికీ మింగుడుపడనిది ఇంకోటున్నది. ఆ 1973 చట్టం రెండు కొత్త మాటలు తెచ్చింది. ఉరి వేస్తే ప్రత్యేక కారణాలు రాయాలె అన్నది ఒకటి. దోషి అని తేల్చినంక, శిక్ష వేయకముందు, "శిక్ష గురించి నీకు చెప్పుకునేదేమన్న ఉన్నదా" అని ముల్జింను అడిగి వినాలె అన్నది రెండోది. వీళ్లిద్దరి విచారణ పాత చట్టం కింద అయిపోయింది. ఉరి కొత్త చట్టం వచ్చినంక అయింది. ఆ ఒక్క ప్రశ్న చట్ట ప్రకారం వాళ్లను అడగాల్సిన అవసరం రాలేదు.

ఇక 1978. సెప్టెంబర్‌లో దొరల మీద రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్ర, అక్టోబర్‌లో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలు కల్లోలిత ప్రాంతాలని సర్కారు ప్రకటన. ఆ తర్వాత ఇరవై ముప్పై ఏండ్లు మా సారు ఆఫీసుకు వచ్చిన ఎఫ్ఐఆర్ నకళ్లు ఒక్క అచ్చులో పోసినట్టుండేటివి. పోలీసులు గాలింపుకు పోయిండ్రు, లొంగిపొమ్మన్నరు, అవతలోళ్లు కాల్చిండ్రు, ఆత్మరక్షణకు కాల్చవలసి వచ్చింది, తెల్లారి చూస్తే గుర్తుతెలియని శవాలు. ఊరి పేరు, గుట్ట పేరు మారేది, వాక్యం మారేది కాదు. కేసు ఎవరి మీద? చనిపోయినోళ్ల మీద, హత్యాయత్నం. ముద్దాయి చనిపోయిండు గనక కేసు మూసివేత. విచారణ ఆర్డీవో చేసేటోడు, అంటే 1921లో మా నిజాం వేరు చేసిన ఆ సర్కారు కొలువు మనిషే. జడ్జి ముందరికి శవం కూడ పోయేది కాదు.

అవతలి దిక్కు అన్నల, అంటే నక్సలైట్ల పంచాయితీ. భార్యాభర్తల తగువు, పాలేరు జీతం, భూమి గట్టు, అన్నీ ఒక్క రాత్రిలో ఫైసలా. కోర్టులో పదేండ్లు తిరిగినోళ్లు కూడ ఆడికి ఉరికిండ్రు, నేను కాదనను, మా కక్షిదారులే ఉరికిండ్రు. కానీ ఇన్ఫార్మరు అన్న ముద్ర పడ్డోనికి అక్కడ వకీలు లేడు, అప్పీలు లేదు, తెల్లారి ఊరి బయట దొరికేటోడు. గడీ అరుగు, గుట్ట మీది ఎన్‌కౌంటర్, అడవిలో పంచాయితీ, మూడింటికీ మూడు జెండాలుండొచ్చు. మూడింటిలోనూ మధ్యన కూసునే మనిషి మాత్రం లేడు.

గోండుల పంచాయితీలు, రాయి సెంటర్లంటరు, అవి వేరే లెక్క. ఉట్నూరు, ఆసిఫాబాద్ దిక్కు సార్‌మేడి, ఊరి పటేలు, పెద్దలు చెట్టు కింద కూసుంటరు. తప్పు చేసినోడూ ఉంటడు, నష్టపోయినోడూ ఉంటడు, ఇద్దరూ అందరి ముందరే చెప్పుకోవాలె. జరిమానా కట్టించి మల్ల కులంలో కలుపుకుంటరు. జోడేఘాట్‌లో కుమ్రం భీం చనిపోయినంక నిజాం సర్కారు పంపితే వచ్చిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ మార్లవాయిలో ఉండి ఈ పంచాయితీల గురించి చాలా రాసిండు. పెద్ద నేరాలకు అది సరిపోదు, నాకు తెలుసు. కానీ చిల్లర తగువుకు ఆ గోండును జిల్లా కోర్టుకు ఈడ్చినప్పుడు ఏం జరిగేదో చూసినోణ్ని గనక చెప్తున్న.

ఆసిఫాబాద్ కోర్టులో ఒక ముసలి గోండు సాక్షి. దొంగతనం ఎన్ని గంటలకు చూసినవని ప్రశ్న. వకీలు ఇంగ్లీషులో అడుగుతడు, కోర్టోళ్లు తెలుగులో చెప్తరు, ఆ పక్కన గోండి వచ్చిన ఒక అటెండరు గోండిలో చెప్తడు. ముసలోడు చెయ్యి పైకెత్తి సూర్యుడు ఆడ ఉన్నప్పుడని చూపెట్టిండు. కోర్టు హాల్లో సూర్యుడు ఏడున్నడు, కప్పు ఉన్నది. "సాక్షి ఫ్యాను వైపు చూపించినాడు" అని జడ్జి నవ్వుకుంట రాసుకున్నడు, తర్వాత బయటికి తీసుకపోయి మల్ల అడిగిండు. పదిన్నర అని తేలింది. తీర్పు మాత్రం ఇంగ్లీషులోనే వచ్చింది, ముసలోనికి ఎవరు చదివి చెప్పిండ్రో దేవునికెరుక. తెలంగాణ హైకోర్టు తెలుగులో ఒక తీర్పు చెప్పింది 2023 జూన్‌లో, అదే మొదటిదట. మా నాయిన కాలంలో ఉర్దూ, నా కాలంలో ఇంగ్లీషు. గోండి వంతు ఎప్పుడో అడుగద్దు.

పంచుల సంగతి చెప్తే ఇప్పటి పిల్లలు నమ్మరు. సోదా చేసి సామాను దొరికిందని రాయాలంటే ఇద్దరు పెద్దమనుషులు సాక్షులుండాలె. ఠాణా ఎదురుంగ చాయ్ హోటల్ ఆయన, పక్కన సైకిల్ షాపాయన, ఎప్పుడూ వాళ్లిద్దరే. గుడుంబా దొరికినా వాళ్లే, టేకు దుంగలు దొరికినా వాళ్లే. మా సారు క్రాస్‌లో ఆ చాయ్ హోటలాయన్ను "మీ హోటల్ ఏ టైముకు తెరుస్తరు, ఎప్పుడు మూస్తరు" అని మెల్లగ అడిగి, ఒకే రోజు ఒకే గంటకు రెండు మండలాల్లో రెండు పంచనామాల మీద ఆయన సంతకం ఉన్నదని బయట పెట్టిండు. కేసు అక్కడికే సచ్చింది. ఇప్పుడు సోదాకు వీడియో తీయాలె అని కొత్త చట్టం, అది మంచిదే. ఇంత తిట్టుకుంట ఒక్కటన్న మెచ్చుకోకుంటే పాపం తగుల్తది.

మా జిల్లాలో దేశదేశాల కోర్టుల తేడా పుస్తకాలు చదివి తెలుసుకోవాల్సిన పని లేదు, దుబాయ్ పోయొచ్చినోణ్ని అడిగితే చాలు. సిరిసిల్ల దిక్కు ఐదుగురు 2005లో దుబాయ్‌లో ఒక నేపాలీ వాచ్‌మన్ హత్య కేసులో ఇరుక్కున్నరు. ఇరవై ఐదేండ్ల శిక్ష. అక్కడి చట్టంలో హతుని ఇంటోళ్లు మాఫీ చేస్తే దారి ఉన్నది. 2011లో సిరిసిల్ల ఎమ్మెల్యే కేటీఆర్ నేపాల్ పోయి ఆ కుటుంబానికి 15 లక్షలు ఇచ్చి మాఫీ కాయితం తెచ్చిండు. అయినా వాళ్లు ఇంటి మొఖం చూసేవరకు 2024 వచ్చింది, పద్దెనిమిదేండ్లు. మనదిక్కు కూడ ఒకప్పుడు ఖాజీల పద్ధతిలో ఇదే ఉండె, బెంగాల్‌లో 1790లోనే కంపెనీ గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ దొర ఎత్తేసిండు, ఖూనీ అంటే ఇంటోళ్ల సొంత వ్యవహారం కాదు, సర్కారుదని. రెండింటిలో ఏది నయం? పైసలున్నోడు ఖూనీ చేసి మాఫీ కొనుక్కునే దేశం నాకొద్దు. కానీ ఇక్కడ హతుని భార్య ఏం కోరుకుంటున్నదో ఏ జడ్జీ అడగడు, ఆమె సాక్షుల జాబితాలో ఒక నంబరు. ఫ్రాన్స్‌లోనైతే పెద్ద కేసుల్లో దర్యాప్తు చేసేటోడే జడ్జి అంట. ఇక్కడ అట్ల పెడితే మా పోలీసోళ్లు రాజీనామాలు చేస్తరు.

2019 నవంబర్ నెల అందరికీ యాదికుండాలె. ఆ 24న ఆసిఫాబాద్ జిల్లా లింగాపూర్ మండలంలో ఊరూరు తిరిగి చిల్లర సామాను అమ్ముకునే ఒక బీద దళిత స్త్రీని ముగ్గురు చెరిచి చంపిండ్రు. పోలీసులు ఆమెకు సమత అని పేరు పెట్టిండ్రు. మూడు రోజులకు హైదరాబాద్ పక్కన ఇంకో ఆడపిల్లను అట్లనే చెరిచి చంపిండ్రు, అది దిశ ఘటన. దిశ కేసులో నలుగురు ముద్దాయిలను డిసెంబర్ 6న చటాన్‌పల్లిలో పోలీసులు కాల్చేసిండ్రు. పోలీసుల మీద పూలు చల్లిండ్రు జనం. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్, అది ఆత్మరక్షణ కాదని రాసింది, ఆ నివేదిక 2022లో బయటికి వచ్చేవరకు పూలు వాడిపోయినయి.

సమత కేసు ఆదిలాబాద్‌లో ప్రత్యేక కోర్టుకు పోయింది. అక్కడి వకీళ్లు ముద్దాయిల తరపున నిలబడమన్నరు. నాకు కోపమొచ్చింది దీనికే. మా సారైతే ఖూనీకోరుకు వకాల్తా పడ్డ రోజు పొద్దున ఇంట్లో తిట్లు తినేటోడు, అయినా కోర్టుకు పోయేటోడు. వకీలు లేకుండ ఉరి వేస్తే ఆ ఉరి నిలువదు, ఆ ఇంగితం లేకపాయె. కోర్టే ఒక వకీలును పెట్టింది. సాక్షులను విన్నది, ముద్దాయిలను శిక్ష గురించి అడిగింది, 2020 జనవరి 30న ముగ్గురికీ మరణశిక్ష వేసింది. నేరం జరిగి రెండున్నర నెలలు కాలేదు. అట్లాంటి శిక్ష సరైనదా కాదా అన్నది హైకోర్టు చూడాల్సిందే, చూడనిది ఉరి లేదు. కానీ చటాన్‌పల్లి పేరు బస్‌స్టాండ్‌లో పిల్లలకు కూడ తెలుసు. ఆదిలాబాద్ కోర్టు సంగతి మా వార్డు మెంబరుకే తెల్వదు.

2021 ఫిబ్రవరి 17న పెద్దపల్లి జిల్లాలో హైకోర్టు వకీళ్లు, భార్యాభర్తలు, మంథని కోర్టు నుంచి తిరిగి పోతుంటే నడిరోడ్డు మీద పట్టపగలు నరికేసిండ్రు. ఆగిన బండ్లల్లో నుంచి జనం ఫోన్లు పట్టుకున్నరు. మనిషి కింద పడి నెత్తురు కారుకుంట చెప్పిన పేరు కూడ ఫోన్లోకి ఎక్కింది. ఇంత గవాహి మా రోజుల్లో ఏ కేసుకు దొరికింది? ఒక్క సాక్షిని బోను దాక తెచ్చేందుకు మా సారు ఆర్నెల్లు ఆ ఊరికి తిరిగేటోడు. ఇంత ఉండి కూడ సుప్రీంకోర్టు 2025లో సీబీఐకి ఇచ్చేదాక పోయింది కేసు.

2024 జూలై 1 నుంచి పాత ఐపీసీ, సీఆర్‌పీసీ పోయి కొత్త చట్టాలొచ్చినయి, సెక్షన్ల నంబర్లన్నీ మారినయి. ఖూనీకి 302 పోయి 103 అయింది. మోసానికి 420 పోయి 318 అయింది, ఇగ ఫోర్‌ట్వంటీగాడని తిట్టేందుకు కూడ లేదు. నంబర్లదేమున్నది, కంఠతా పట్టొచ్చు. 1980లో అదే కృష్ణయ్యర్, మనిషికి ఊరికే బేడీలు వేయద్దని తీర్పు రాసిండు. కొత్త చట్టం కొన్ని నేరాలకు బేడీలు మల్ల తెచ్చింది. పోలీసు కస్టడీ మునుపు మొదటి పదిహేను రోజుల్లోనే అయిపోయేది. ఇప్పుడు ఆ పదిహేను రోజులను ముక్కలు చేసి, నేరాన్ని బట్టి నలభై, అరవై రోజుల దాక ఎప్పుడైనా అడగొచ్చు. వాదనలు అయినంక ముప్పై రోజుల్లో తీర్పు, మహా అయితే నలభై ఐదు అని కూడ రాసిండ్రు. వాదనలు ఎన్నడు అయితయో రాయలేదు.

2022లో జిల్లాకో జిల్లా కోర్టు వచ్చింది, జగిత్యాలకూ వచ్చింది, సంతోషం. మా చెల్లెలి కొడుకు గల్ఫ్ ఏజెంటు మీద పెట్టిన మోసం కేసు ఆడనే ఉన్నది. మొన్న పేషీకి నేనే పోయిన. వీసా అని పైసలు తీసుకున్న ఏజెంటు వచ్చిండు, మావోడు వచ్చిండు, ఒక సాక్షి మస్కట్ నుంచి వీడియోలో రెడీగ ఉన్నడు, ఆడ వానికి పనిదినం. జడ్జి సాబ్ ట్రెయినింగ్‌లో ఉన్నడట, ఇన్‌చార్జి కోర్టు. బెంచి క్లర్కు తల ఎత్తకుండనే తారీఖు చెప్పింది. మస్కట్‌లో ఉన్నోణ్ని సెలవు ఎట్ల అడుగమంటరో ఆమెనే అడిగిన. "యాప్‌లో చూసుకోండి పెద్దాయనా" అన్నది.